భువనగిరి బండ మీద అత్తయ్యతో

అమీర్‌పేటలో కాపురం పెట్టిన కొత్తలో, చలికాలంలో భువనగిరి కోట అనాయాసంగా ఎక్కేశాను. ఆ ధీమాతోనే వానాకాలంలో మా అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను.

దిగుతుంటే వాన మొదలైంది. నున్నటి ఏటవాలు బండ మీద అత్తయ్య కాలు జారింది. చటుక్కున చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం చతికిలబడ్డాం. కిందికి చూసి ఆమె అంది:

“నన్ను ఇడిసిపెట్టు బిడ్డా, నువ్వన్న దిగిపో.”

“మిమ్మల్ని వదిలి వెళ్లను అత్తయ్యా. లేవకండి, కూర్చునే దిగుదాం.”

ఆమె నా భుజాలు పట్టుకుని నా వెనకే జరుగుతుంటే, మెల్లగా మెట్ల దాకా చేరాం. మా చిరిగిన బట్టలు చూసి జనం నవ్వారు.

అత్తయ్య మాత్రం, “ఎండకాలం పొద్దుగాల్నే వద్దాం. గప్పుడు రాయి ఎండి ఉంటది” అంది.

అన్నట్టే వేసవిలో మళ్లీ ఎక్కాం. అంతకుముందు మా మధ్య అవసరమైన మాటలే ఉండేవి. ఇప్పుడు ఆమె నాతో ఏ కొండకైనా వస్తానంటుంది. నేనూ ధైర్యంగా తీసుకెళ్తాను.