పెట్టెచీర కట్టనని ఒట్టుపెట్టుకున్న జెండమ్మ

ఈ మెదక్‌లో దీవెనమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చూపించరు. జెండమ్మ ఇల్లు అని అడగండి, మేకలు తోలుకుపోయేవాడు కూడా మేకల్ని వదిలేసి మా గుమ్మం దాకా తెచ్చి దింపిపోతాడు. దీవెనమ్మా నేనే, జెండమ్మా నేనే. మొదటిది పాస్టరుగారు పెట్టిన పేరు. రెండోది నా నోరు తెచ్చిపెట్టిన పేరు.

ఆమధ్య మా వార్డు లీడరు నర్సింగం ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు.

"అవ్వా, సెప్టెంబరు పదిహేడుకు నీకు సన్మానం చేస్తున్నం. పోలీసు యాక్షన్ల నువ్వు జెండా ఎగరేసినవట గద. స్టేజీ మీద జర రెండు ముక్కలు చెప్పాలె."

"ఏ జెండా అనుకున్నవ్ బిడ్డా?"

"ఏ జెండా ఏంది అవ్వా, మన జెండనే."

నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ముసల్దానికి దుఃఖం పొంగిందనుకుని పాపం వాళ్ళు తలలు వంచుకున్నారు. అప్పుడే నిజం చెప్పేదాన్నే గాని, శాలువా కప్పుతామన్నారు. శాలువా మాట చెవిన పడేసరికి నా నోరు దానంతటదే మూసుకుంది. అది స్టేజీ మీద రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది మిషను బడిలో మూడో తరగతి. బడే నన్ను వదిలేసింది గాని, నేనే బడిని వదిలేశానని మా ఇంట్లో చెప్పుకుంటాం. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా నాయిన గాబ్రియేలు మిషను దవాఖానాలో తోటమాలి. మా అవ్వ, అంటే మా అమ్మ, రామమ్మ అదే దవాఖానాలో పక్కబట్టలు ఉతికేది. బాప్తిస్మం తీసుకుంది గాని పేరు మార్చుకోలేదు. "దేవునికి నా పాత పేరు ఎరుకనే, మళ్ల కొత్తది చెప్పి ఆయనను పరేషాన్ చేసుడెందుకు" అనేది. నా ఒంటి మీదికి వచ్చిన ప్రతి గుడ్డా ఎవరో ఒకరు తొడిగి విడిచిందే. ఇంగ్లీషు సీమ నుంచి దొరసానులు తెప్పించిన మూటల్లోని గౌన్లు, మా పెద్దమ్మ కూతుళ్ళకు పొట్టివైపోయిన లంగాలు. ఒక గౌను మెడ దగ్గర నీలం దారంతో ఏదో కుట్టి ఉండేది. అది పూలతీగ అనుకుని అందరికీ చూపించుకుని తిరిగాను. అది నాకంటే ముందు ఆ గౌను తొడిగిన పిల్ల పేరని బడిలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దించినప్పుడు తెలిసింది. ఆ రోజు ఇంటికొచ్చి గౌను విప్పి దండెం మీద పడేశాను. తెల్లారి మళ్ళీ అదే తొడుక్కున్నాను, ఇంకోటి లేదు గనక.

నాకు కుల్చారం దావీదుతో పెండ్లి ఖాయమైంది. ఆయన తాపీ పనివాడు. మావాళ్ళలో పెండ్లికూతురు తెల్లచీర కట్టాలి. ఉన్నవాళ్ళు హైదరాబాదు పోయి తెచ్చుకునేవాళ్ళు. లేనివాళ్ళకు పాస్టరుగారి ఇంట్లో ఒక రేకుపెట్టె ఉండేది. అందులో ఎప్పుడో ఒక దొరసాని ఇచ్చిపోయిన తెల్ల పట్టుచీర. పెండ్లికి తీస్తారు, పెండ్లయ్యాక ఉతికి నాప్తలిన్ గోలీలు వేసి మళ్ళీ పెడతారు. దాన్ని పెట్టెచీర అనేవాళ్ళు. మా వాడకట్టు ఆడవాళ్ళందరూ, లావువాళ్ళూ బక్కవాళ్ళూ, దాన్నే చుట్టుకుని దేవుని ఎదుట నిలబడ్డారు. ఒక అంచుకు పసుపు మరక కూడా ఉండేది. చర్చికి తెలియకుండా ఎవరో నలుగు పెట్టుకున్నారనడానికి అదే సాక్ష్యం.

ఒక్కరోజైనా, ఒక్క బట్టయినా, నాకంటే ముందు ఎవరూ కట్టనిది కట్టాలని నా పంతం. పంతం మనసులో ఉంచుకుంటే బాగుండేది. బావి దగ్గర అందరూ ఉన్నప్పుడు, మేం అమ్మగారు అని పిలిచే పాస్టరుగారి భార్య కూడా ఉన్నప్పుడు అన్నాను:

"నేను పెట్టెచీర కడితే నా పేరు మార్చిపెట్టుండ్రి."

"మంచిది బిడ్డా" అంది అమ్మగారు. "యాదికుంచుకుంటం."

ఆ ఏడు బట్టకు కరువు. ఇండియా యూనియన్ వాళ్ళు నైజాం రాజ్యంలోకి సరుకు రానివ్వడం లేదు, మిల్లుబట్ట కళ్ళబడటం లేదు. రజాకార్లు ఒక దిక్కు, కమ్యూనిస్టు సంఘపోళ్ళు ఒక దిక్కు అని మగవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. రాజ్యం ఎవరిదవుతుందోనని వాళ్ళ ఏడుపు. చీర దొరుకుతుందో లేదోనని నా ఏడుపు.

ముందు మెదక్ బజారులో వీరయ్య సేటు దుకాణానికి అవ్వా నేనూ పోయాం. గద్దె మీద కూర్చుని ఉన్నాడు.

"సేటూ, తెల్లచీర కావాలె" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు, అవ్వ మొహం చూశాడు, మెల్లగా గద్దె దిగాడు.

"ఎప్పుడు పోయిండు బిడ్డా?"

"ఎవలు?"

"ఇంత చిన్న వయసుల గిదేం రాత. కూసో తల్లీ, మంచినీళ్ళు తాగు."

"పోలేదు సేటూ, వస్తడు. వచ్చే నెల మా పెండ్లి."

సేటు మళ్ళీ గద్దె ఎక్కాడు. "పెండ్లికి తెల్లచీర అమ్మిన పాపం నాకెందుకు? ఎర్రది తీస్కపో, మస్తుంటవ్."

"మావోళ్ళల్ల తెల్లదే కడ్తరు" అంది అవ్వ.

"కట్టుండ్రి. కట్టొద్దంటనా? నా దగ్గరున్న తెల్లది గిదొక్కటే."

బయటికి తీశాడు. అంచు లేదు, కొంగు లేదు, గోనెసంచికి చుట్టం. మొగుడు పోయినవాళ్ళు కట్టే చీర. అవ్వ దాన్ని తిప్పి చూస్తూ "గట్టిగనే ఉన్నది" అంది.

"మొగడు రాకముందే ముండమోసినట్టుంటది" అని దాన్ని సేటు ఒళ్ళో పడేసి వచ్చేశాను. ఇంటిదాకా అవ్వ నన్ను తిట్టింది. ఇంటి దగ్గర నాయిన అందుకున్నాడు.

తరవాత చేగుంట అంగడి. నాయిన ఎవరిదో బండి మాట్లాడాడు. అవ్వ ఉప్పు ఇస్తున్నారని విని అటు ఉరికింది. నేను ఒక్కదాన్నే ఒక సాయిబు దుకాణం ముందు ఆగాను. లోపల తెల్లటి లట్టా నూలుబట్ట తాను, పాలమీగడలా. ఆ కరువులో అంత తెలుపు ఒకచోట చూసి చాలా రోజులైంది.

"తెల్లబట్ట కావాలె సాబ్. కొత్తది. ముందుగల ఎవరు కట్టనిది."

సాయిబు నన్ను వింతగా చూశాడు. "ఇది ఎవరు కట్టి ఇడిసేది కాదమ్మా" అన్నాడు. గొంతు తగ్గించి, "ఎంత పొడుగు మనిషి?" అన్నాడు.

"నా అంతే."

"ఆడమనిషేనా?"

"కండ్లు కనిపిస్తలేవా సాబ్? నాకే."

గజంకర్ర ఆయన చేతిలో ఆగిపోయింది. "నీకేనా? ఎప్పటికి?"

"వచ్చే నెలకు. ముందుగల తయారు చేసి పెట్టుకుంటే మంచిది గద."

"అల్లా రహెం చెయ్యని" అన్నాడు సాయిబు. "దిల్ గట్టిది బిడ్డా నీది."

కొలిచేటప్పుడు నా వైపు చూడలేదు. ఒక మూరెడు ఎక్కువే కొలిచాడు. ధర చెప్పి, నేను నోరు తెరిచేలోపే తానే తగ్గించాడు. బట్టను రెండు చేతులతో ఇచ్చాడు. రాణికిచ్చినట్టు ఇచ్చాడని అనుకున్నాను.

ఇక మెదక్‌లో నా నోటికి పట్టపగ్గాలు లేవు. చేగుంటలో సాయిబు నన్ను చూసి బేరమాడటానికే భయపడ్డాడని, బేరమంటే నోటితో కాదు, నిలబడే తీరుతో చేయాలని బావి దగ్గర పెండ్లయిన ఆడవాళ్ళకు పాఠం చెప్పాను. వాళ్ళు విన్నారు కూడా.

మా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు దర్జీ చాచాది. చీరకు గోటా జరీ అంచు వేసి, మిగిలిన ముక్కలో రైక కుట్టమని ఇచ్చాను. చాచా బట్టను వేళ్ళ మధ్య నలిపాడు. కండ్లద్దాలు పైకి తోసుకుని మళ్ళీ నలిపాడు.

"ఏడ తెచ్చినవ్ బిడ్డా?"

"చేగుంటల. బేరం చెయ్యకుండనే తగ్గించిండు."

"కఫన్ బట్టకు బేరమేంది బిడ్డా. సవాబు కోసం తగ్గిస్తరు. పుణ్యమన్నట్టు."

కఫన్ అంటే పీనుగుకు చుట్టే బట్టని నాకు తెలుసు. ఎంత పొడుగు మనిషి, ఆడమనిషేనా, ఎప్పటికి - సాయిబు అడిగిన మాటలన్నీ ఒక్కొక్కటి తిరిగొచ్చి నా మొహాన తగిలాయి. ముందే తయారు చేసి పెట్టుకుంటానని చెప్పొచ్చాను. ఆ మహానుభావుడు అప్పటినుంచి నా కోసం దువా చేస్తూ ఉండి ఉంటాడు.

"ఎరుకనే చాచా" అన్నాను. "తెలిసే తెచ్చిన."

చాచా నవ్వలేదు. నవ్వి ఉంటే ఇప్పటికీ ఆయన్ని తిట్టుకునేదాన్ని. "బట్టది ఏమున్నది బిడ్డా. గోటా పడితే పెండ్లి బట్ట. నేనెవరికి చెప్పను" అన్నాడు. చెప్పలేదు కూడా. కఫనైతే ఏంది, ఎవరూ కట్టనిదే గదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

సెప్టెంబరులో, ఇక పెండ్లి దగ్గరికొచ్చిందనగా, నెత్తి మీద విమానాలు తిరిగాయి. యూనియన్ మిలిట్రీ వస్తున్నదన్నారు. బజారులో తిరిగే రజాకార్లు ఎటు మాయమయ్యారో తెలియదు. తెల్లజెండా లేని ఇంటి మీద తుపాకులు పేలుస్తారని ఎవడో అన్నాడు. నిజమో అబద్ధమో, మధ్యాహ్నానికి ఊరంతా తెల్లగుడ్డ వేటలో పడింది. వీరయ్య సేటు ధోతులు చింపి రుమాలు లెక్కన అమ్మాడు. నేను ఒళ్ళో పడేసి వచ్చిన ఆ గోనెసంచి చీర అన్నిటికంటే ముందు అమ్ముడుపోయిందట. పాస్టరుగారింటి ముందు పక్కదుప్పటి ఎగురుతోంది. మాకు అవ్వ ఉతికిన పాత పంచె ఒకటి ఉంది, కట్టేశాం.

అప్పుడు చాచా వచ్చాడు. చేతిలో నా చీర, మడిచి, మీద నా రైక గుడ్డ పెట్టి.

"నీ అమానతు బిడ్డా. గోటా సగమే పడ్డది, మాఫ్ చెయ్యి. మేము ఎటన్న పోతం."

"ఎటు పోతరు చాచా?"

"ఏమో. చాచీ మూట గడుతున్నది."

"తెల్లజెండా కట్టుకోరాదు?"

"గుడ్డేది? బజార్ల జేబురుమాలంత దొరకతలేదు."

ఆ మాట అనేటప్పుడు ఆయన రెండు చేతుల మీదా నా ఆరుగజాల తెలుపు ఉంది. దాన్ని ఆయన చూడను కూడా చూడలేదు. అమానతు, అంటే నమ్మి అప్పగించిన సొమ్ము, అన్నాడు గనక ఇక అడగడు. అదే నాకు ఒళ్ళు మండించింది. అడిగి ఉంటే లేదని చెప్పి తలుపు వేసుకునేదాన్ని.

పెద్దమనసుతో ఇచ్చానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. చీర లాక్కునేటప్పుడు నేను చాచాతో అన్నది ఇదీ: "నువ్వు పోతే నా రైక ఎవరు కుట్టాలె?"

నాయిన పందిరికని తెచ్చిన వెదురుగడ తీసుకుని చాచా ఇంటి పెంకుల మీదికెక్కాను. చీర ఒక కొస గడకు కడుతుంటే అవ్వ వాకిట్లోకి ఉరికొచ్చింది.

"నీకేమన్న దయ్యం పట్టిందానే? పెండ్లి చీర గది."

"పెండ్లి చీర కాదవ్వా" అని పైనుంచి అరిచాను. "కఫన్ బట్ట. తెల్వక కొనుక్కొచ్చిన."

వాడకట్టంతా తలుపుల సందుల్లోంచి మిలిట్రీ కోసం చూస్తున్న సమయమది. ఊపిరి తీస్తే వినబడేంత నిశ్శబ్దం. నా మాట ఆ చివర బావి దాకా పోయింది. ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. బేరమంటే నిలబడే తీరుతో చేయాలని నేను ఎవరికి పాఠం చెప్పానో ఆమే అయి ఉంటుంది.

లారీలు వచ్చాయి. మిగతా ఇండ్ల మీద అరచేయంత, మూరెడంత గుడ్డలు. చాచా ఇంటి మీద నా చీర వీధికి అడ్డంగా ఎగురుతోంది, సగం అంచు గోటా ఎండకు తళతళలాడుతూ. ఒక సిపాయి తలెత్తి చూసి పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. ఆ వారమంతా దాన్ని దించలేదు. ఆ రోజుల్లో చాచా వాళ్ళలాంటి సాయిబుల ఇండ్లన్నిటినీ ఆపద అలా దాటిపోలేదు. వాటి సంగతి నేను నవ్వుతూ రాయలేను, అందుకే రాయడం లేదు.

చీరను వాన తడిపింది, పెంకులు చింపాయి, మిగిలినదాన్ని కాకులు చూసుకున్నాయి. పెండ్లికి ముందురోజు అమ్మగారు రేకుపెట్టె పట్టించుకుని మా ఇంటికొచ్చింది. మూత తీసింది. నాప్తలిన్ వాసనకు నాకు తుమ్ములొచ్చాయి.

"పేరేం పెట్టమంటవే?" అంది.

నేను ఇంకా తుమ్ముతూనే ఉన్నాను. అవ్వ మాట్లాడింది. "ఇంకేం పేరు అమ్మగారూ. జెండమ్మ."

పసుపు మరక లోపలికి పోయేటట్టు కుచ్చిళ్ళు పెట్టి పెట్టెచీరే కట్టారు. అంతమంది పెండ్లిళ్ళు చూసిన చీర గదా, నాకంటే దానికే ఎక్కువ తెలిసినట్టు ఒంటిమీద కూర్చుంది. రైక మాత్రం కొత్తది. ఎటూ పోకుండా ఉండిపోయిన చాచా కుట్టాడు. నాకంటే ముందు ఎవరూ తొడగని బట్ట అదొక్కటే. చంక కింద బిగుతయింది, ప్రమాణాలు చెప్పినంతసేపూ చేయి ఎత్తలేకపోయాను. చర్చి నుంచి బయటికి వస్తుంటే దావీదు చెవిలో అడిగాడు, "నిన్ను అందరు జెండమ్మ అంటున్నరేంది?"

"ఇంటికి నడువు, చెప్త" అన్నాను. ఆయన బతికినన్నాళ్ళూ సరిగ్గా చెప్పలేదు.

మొన్న పదిహేడుకు స్టేజీ ఎక్కించారు. నర్సింగం మైకులో నన్ను ఎక్కడెక్కడో పోరాటాల్లోకి పంపించి తీసుకొచ్చాడు. చివరికి శాలువా కప్పాడు. ఎర్రంచు శాలువా, మెత్తగా బాగుంది. మెడ చుట్టూ పడగానే ముక్కుకు తెలిసింది, నాప్తలిన్ వాసన.

"ఇది నాకంటే ముందుగల ఎంతమందికి కప్పినవ్ బిడ్డా?" అని అడిగాను.

నర్సింగం మైకును చేత్తో మూశాడు. "నీకెట్ల తెలిసిందవ్వా?"

"పెండ్లయినప్పటి సంది తెలుసు" అన్నాను. అన్నాను గాని శాలువా తిరిగి ఇవ్వలేదు. ఈసారి పెట్టెలోకి పోనివ్వను.