సముద్రం గారి సంపు

కరెంటాఫీసులో ఆయన ఉద్యోగం కరెంటు తీయించడం. ఎక్కడ తీగ మార్చాలన్నా ముందు ఆయన రిజిస్టరులో సంతకం పడాలి, అప్పుడు ఆ లైను ఆగుతుంది, పనివాళ్లు స్తంభమెక్కుతారు. ఇరవై రెండేళ్లుగా జనం ఫ్యాన్లు ఆపుతూ వచ్చిన ఈ పెద్దమనిషి, తన ఇంట్లో మాత్రం కరెంటు పోదన్న ధీమాతో చేపల తొట్టికి సంపు కట్టారు.

ఉప్పునీటి చేపల పిచ్చి నలభై ఎనిమిదో ఏట పట్టుకుంది. టిఫిన్ డబ్బా తెరిచినా ఉప్పు శాతం గురించే మాట్లాడేవారు. వినలేక ఆఫీసువాళ్లు ‘సముద్రం గారు’ అని పేరు పెట్టారు. అది వెక్కిరింపని ఆయనకు తట్టలేదు సరికదా, ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

తొట్టి పెట్టింది ముందుగదిలో. అది ఆయన భార్య కుట్టుగది. ఆమె మంచి దర్జీ. ఆ నెల బ్యాండు మేళంవాళ్లు పద్నాలుగు నీలం కోట్లు కుట్టమన్నారు. అవి బాగా కుదిరితే ఏటా బట్టలన్నీ ఆమెకే ఇస్తామన్నారు. అంత పెద్ద పని ఆమె చేతికి రావడం అదే మొదలు. తొట్టికి చోటు కావాలని సముద్రం గారు ఆమె బట్టల అలమారాను వెనకగదికి నెట్టేశారు. కోట్లన్నీ మూటగా నేలమీదికి చేరాయి.

"నేలమీద పెడితే ఎలాగండీ?"

"నేల కాకపోతే ఆకాశంలో పెడతావా? నాలుగు రోజులేగా!"

తొట్టి కింద బీరువాలో సంపు, అంటే అరలున్న ఇంకో చిన్న తొట్టి. పైనుంచి పొంగిన నీళ్లు గొట్టంలోంచి అందులోకి దిగి, గుడ్డసంచిలో వడకట్టుకుని, నురగ తీసే గొట్టం దాటి చివరి అరకు చేరతాయి. అక్కడి పంపు వాటిని ఇంకో గొట్టంలోంచి మళ్లీ పైకి తోస్తుంది. ఆ గుడ్డసంచులు కుట్టింది భార్యే. చూడవచ్చినవాళ్లతో మాత్రం ఆయన "అంతా నా డిజైనే" అనేవారు. ఆమె పటుక్కున దారం కొరికేది.

చేపల షాపాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "సార్, సంపు సగం మించి నింపకండి. పంపు ఆగితే పైనీళ్లు పంపు గొట్టంలోంచే వెనక్కి దిగొచ్చేస్తాయి. తొట్టిలో నీటిమట్టానికి కాస్త కింద ఆ గొట్టానికి చిన్న బెజ్జం పెట్టండి. నీళ్లు అక్కడిదాకా దిగగానే గొట్టం గాలి పీల్చుకుంటుంది, నీళ్లు ఆగిపోతాయి. ఒకసారి పంపు ఆపి చూసుకోండి."

సముద్రం గారు నవ్వారు. కొత్త గొట్టానికి బెజ్జమా? సంపు అంచుకు రెండు వేళ్ల కిందిదాకా నింపారు. చప్పుడు రాకూడదని పంపు గొట్టం మూతిని తొట్టి అడుగుదాకా దించారు.

"ఒక్కసారి ఆపి చూడచ్చుగా?" అంది భార్య.

"ఆపడం నా ఉద్యోగం. ఇంట్లో కూడానా?"

బ్యాండువాళ్లు కోట్లకిచ్చిన గడువు రోజు పొద్దున ఆఫీసులో కాయితం వచ్చింది. ఏడో నంబరు లైను, పది నుంచి పన్నెండు. ఆయన కళ్లకు వీధులు కనబడవు, నంబర్లే. టీ చప్పరిస్తూ సంతకం గీకారు.

పదింపావుకు ఫిర్యాదుల ఫోను మోగింది. ఆ సీటు మనిషి టీకి పోవడంతో ఆయనే తీశారు. అవతలివాళ్లు నోరు విప్పకముందే పాఠం మొదలు. "కాస్త ఓపిక పట్టండమ్మా. స్తంభం మీద మనుషులున్నారు. పన్నెండుకల్లా వచ్చేస్తుంది."

అవతల ఆమె చివరిదాకా విన్నది. "కరెంటు సంగతి కాదండీ. బొత్తాలు తేవడానికి పక్కవీధికి వెళ్లొచ్చేసరికి మీ సముద్రం నా కోట్ల మీదికొచ్చింది."

ఆయన గబుక్కున రిజిస్టరు తిప్పి చూసుకున్నారు. ఏడు. తన ఇల్లున్న లైను. కింద తన సంతకం, వంకర్లతో సహా. లైను వెయ్యమనే మాట నాలుకదాకా వచ్చింది కానీ, స్తంభం మీద మనిషి ఉన్నాడు. ఆ మాట మింగేశారు. అంతవరకు ఆయన్ని మెచ్చుకోవాలి.

ఇంటికి ఎలా వచ్చిపడ్డారో ఆయనకే తెలియదు. తొట్టిలో నీళ్లు బెత్తెడు ఎత్తుకు దిగిపోయి, చేపలు మూలకి నక్కి ఉన్నాయి. గది నిండా చీలమండ తడిసేంత నీళ్లు. భార్య పన్నెండు కోట్లు తడవకుండా ఎత్తుకోగలిగింది. మూట అడుగునున్న రెండూ ఉప్పునీళ్లలో నానిపోయాయి. ఆమె పెరట్లో కుళాయి కింద వాటిని మంచినీళ్లతో జాడిస్తోంది. ఉప్పు ఆరితే నీలం మీద తెల్లచారలు తేలతాయి. ఆమె తిట్టలేదు, తల కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

పాతగుడ్డతో నేలంతా ఆయనే తుడిచారు. గొట్టానికి బెజ్జం వేశారు. కరెంటు రాగానే సగం సంపుతో పంపు నడిపి, ఆపి చూశారు. నీళ్లు కాస్త దిగి, గొట్టం గాలి మింగి, ఆగిపోయాయి. వేలెడంత బెజ్జం కూడా కాదు, సూదిమొన కంటే కాస్త పెద్దది.

మూడింటికి బ్యాండు మేస్త్రి వచ్చాడు. పన్నెండు కోట్లు ఎంచి తీసుకున్నాడు. "కుట్టు బాగుందమ్మా. ఆ రెండూ ఆరాక పంపండి. ఇవాళ ఇద్దర్ని వెనక నిలబెడతాంలే" అన్నాడు. ఏటా బట్టల మాట మాత్రం ఎత్తలేదు. గుమ్మందాకా వెళ్లిన ఆమె, అతను ఎత్తుతాడేమోనని ఇంకాసేపు అక్కడే నిలబడింది.

లోపలికొచ్చి తడికోట్లు రెండూ తీసుకెళ్లి తొట్టి మీద, వెచ్చటి లైటు మీదుగా వేలాడదీసింది. కోట్ల చేతులు జారి తొట్టి అద్దం మీద పడ్డాయి.

"చేపలకి చీకటైపోయిందోయ్" అన్నారు సముద్రం గారు గొంతు తగ్గించి.

"కాస్త ఓపిక పట్టమనండి" అందామె మిషను ముందు కూర్చుంటూ. "కోట్లు ఆరగానే వెలుగు వచ్చేస్తుంది."