రాళ్లు తీసిన హవల్దార్

రోడ్డు మీద రాళ్లు తీస్తూ చనిపోయినవాడు అమరుడు కాడని తేల్చేశారు. పోలీసు మైదానంలో ఏటా అమరుల పేర్లు చదివే రోజున మా హైవే గస్తీ హవల్దార్ పేరు చదవలేదు. అతని భార్య చివరి పేరు దాకా విని, పిల్లల్ని తీసుకుని లేచి వచ్చేసింది.

చంద్రపూర్ దాటాక హైవే పక్కన నాది పంక్చర్ దుకాణం. బడి మొహం చూడలేదు. లారీల వెనక రాతలు చూసి మరాఠీ, పొట్లాల కాగితాలు చూసి తెలుగు చదవడం నేర్చుకున్నాను. కనుక పోలీసు దఫ్తర్లో ఎవరేమన్నా నాకు అర్థం కాలేదని అనుకోవద్దు.

పద్మాపూర్ గని నుంచి బొగ్గు తెచ్చే లారీ మధ్యలో చెడిపోతే, వెనకొచ్చే బండ్లకు తెలిసేలా డ్రైవర్లు దాని చుట్టూ పెద్ద పెద్ద రాళ్లు పేరుస్తారు. మంచి పనే. బండి బాగయ్యాక రాళ్లు అక్కడే వదిలేసి పోతారు. తర్వాత వచ్చే మోటార్ సైకిల్ వాడు ఏమైపోవాలి? హవల్దార్ జీపు ఆపి వాటిని తన చేతులతోనే పక్కకు వేసేవాడు. రాజురా వైపు తెలుగు రైతుల బిడ్డ. నా దుకాణం ముందు డ్రైవర్లు అతన్ని ఆటపట్టించేవారు.

"ఏం సాబ్, పోలీస్ నౌకరి ఇడిచి రాళ్ల కాంట్రాక్ట్ పట్టిన్రా?"

"పట్టిన. కూలికి మీరే రావాలె. పెట్టేటప్పుడు అందరుంటరు, తీసేటప్పుడు ఒక్కడు దొరకడు."

ఒక సాయంత్రం అలాగే వంగి రాయి ఎత్తుతుంటే వెనక నుంచి లారీ గుద్దింది. నేను పరుగెత్తి చేరేసరికే ప్రాణం పోయింది.

పేరు చదవలేదని అతని భార్యతో కలిసి దఫ్తర్‌కు వెళ్లాను. "రాళ్లు తీయడం రోడ్డు మరమ్మతువాళ్ల పని. అతన్ని ఎవరూ పంపలేదు. తనంతట తానే దిగాడు" అన్నాడు పెద్ద సాహెబు మరాఠీలో. ఆ రోజు మధ్యాహ్నం జీపు డ్రైవర్ మారాడు కాబట్టి, పొద్దున ఏం జరిగిందో కొత్తగా వచ్చినవాడికీ తెలియదు.

బయటికొచ్చాక ఆమె అడిగింది. "పైసల సంగతి కాదు కాకా. మీ నాయిన డ్యూటీల పోయిండని పిల్లలకు చెప్పాల్నా, ఊకెనే పోయిండని చెప్పాల్నా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాళ్లు ఆకాశం నుంచి రాలేదు కదా! దుకాణం ముందు ఆగిన ప్రతి లారీవాణ్నీ పట్టుకుని, "ఆ రాళ్లు ఎవనియిరా?" అని అడిగాను. కాకాకు రాళ్ల పిచ్చి పట్టిందని నవ్వుకున్నారు. నవ్వనీ అనుకున్నాను. చివరికి లాల్‌పేట్ డ్రైవర్ ఒకడు లారీ లేకుండా నడిచి వచ్చాడు.

"కాకా, ఆ రాళ్లు నాయే."

"ఇన్నొద్దులు ఏడ సచ్చినవ్?"

"భయమైంది. ఆ రోజు పొద్దుగాల బండి ఆగిపోతే హవల్దార్ సాబే వచ్చిండు. దగ్గరుండి రాళ్లు పెట్టిపిచ్చిండు. బండి నడిస్తే తీసేసి పో, సాయంత్రం వచ్చి చూస్త అన్నడు. నేను తియ్యకుంటనే పోయిన."

"దఫ్తర్ల చెప్తవా?"

"లైసెన్స్ గుంజుకుంటరేమో."

"గుంజుకోనీ. నా దగ్గర టైర్లు ఇప్పుకుంట బతుకు. నడువ్!"

వాడు దారంతా లైసెన్స్ ఉన్న జేబు తడుముకుంటూనే నడిచాడు. కానీ సాహెబు ముందు ఒక్క మాట తడబడలేదు. అప్పుడు నేను అడిగాను: "తను పెట్టించిన రాళ్లు తీశారో లేదో చూడటానికి వచ్చాడు సాహెబ్. ఇది డ్యూటీ కాకపోతే మరేది డ్యూటీ?" ఆయన గుమాస్తాను పిలిచాడు. డ్రైవర్ చెప్పినదంతా రాయించుకుని పై అధికారులకు పంపాడు.

ఈ ఏడు అమరుల పేర్లు చదివే రోజున మైదానం గోడ వెంబడి లారీ డ్రైవర్లు బారులు తీరారు. సాహెబే మైకు పట్టుకుని పేర్లు చదివాడు. మా హవల్దార్ పేరు వినబడగానే లాల్‌పేట్ వాడు ఈల వేశాడు. అలాంటి చోట ఈలేమిటని ఎవరూ కసరలేదు. నా ఛాతీ ఉప్పొంగింది. అయినా ఊరుకోలేదు. సభ ముగిశాక హవల్దార్ పిల్లలిద్దరినీ చెరో చేత పట్టుకుని సాహెబుకు ఎదురెళ్లాను. "ఇది డ్యూటీ కాకపోతే మరేది డ్యూటీ అని ఆ రోజు అడిగినదానికి జవాబు ఇంకా రాలేదు" అన్నాను. ఆయన టోపీ తీసి, నన్ను వదిలేసి పిల్లల వైపు వంగాడు.

"మీ నాన్న డ్యూటీలోనే ప్రాణమిచ్చాడు. కాదన్నవాణ్ని నేను. తప్పు నాది."