పాలపిట్ట రంగు బండి

గిద్దలూరు దగ్గర మా పేటకు వాక్యం చెప్పడానికి వచ్చిన ఉపదేశికి మోటారు సైకిలు కంటే దాని రంగు మీదే ప్రాణం. మిషను తెల్లదొర తన దేశానికి పోతూ ఇచ్చిన పాత బండికి నంద్యాలలో పాలపిట్ట రంగు వేయించుకొచ్చాడు. ఎవరైనా పైపంచెతో దుమ్ము దులపబోతే చేయి పట్టుకునేవాడు.

"ముందు నీళ్ళు, ఆ తర్వాతే గుడ్డ. పొడిగుడ్డతో రుద్దితే దుమ్మే రంగును గీరేస్తది."

మా పేటవాళ్ళు పెద్దకులాలుండే పెద్దవీధిలో సైకిలు కూడా ఎక్కి పోకూడదు, దిగి తోసుకుంటూ పోవాలి. ఆ కట్టుబాటు పెట్టినవాడి నోట్లో మన్ను పడ! ఒకరోజు ఉపదేశి బండి మీద అటు వెళ్తుంటే, గ్రామ మునసబు అరుగు మీద నుంచి కేకేశాడు.

"ఏందిరా, కండ్లు నెత్తికెక్కినాయా? దిగు!"

ఉపదేశి దిగాడు. కూలికి పోతున్న మేము ఆగి చూశాం. కానీ ఆయన బండిని తోయలేదు. సంచిలోంచి సీసా తీసి, ట్యాంకు మీద నీళ్ళు పోసి, మునసబు మీసాలు అందులో కనబడేదాకా తీరుబడిగా తుడిచాడు.

"దిగమన్నారు, దిగినాను మునసబు గారూ" అని మళ్ళీ ఎక్కి, కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఆరాధన ముగించి బయటికొస్తే, ట్యాంకు మీద ఎవరో పలకరాయితో గీసిన పొడుగాటి గీత ఉంది. మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మళ్ళీ రంగు వేయించు నాయనా."

"ఎందుకమ్మా? వాళ్ళ వీధిలో ఎక్కి పోయినానని వాళ్ళే రాసిచ్చినారు."

ఆ గీత మీద నీళ్ళు పోసి, మెత్తగా తుడిచి, బండిని పెద్దవీధి వైపు తిప్పాడు.