అద్దాల బీరువాలో పది మాత్రలు

ఆ రోజుల్లో సర్కారు ఆస్పత్రిలో మందు లేకపోవడం పెద్ద వింతేమీ కాదు. లేని మందును లేదని చెప్పడానికి తెలివితేటలు అక్కర్లేదు. ఉన్న మందును లేదని చెప్పడానికి మాత్రం కొంత శిక్షణ, కొంత క్రమశిక్షణ కావాలి. ఆ రెండూ నాకు నిండుగా ఉండేవి. పోయిన వారం విజయవాడలో మా వీధి చివరి ఆరోగ్య కేంద్రానికి బీపీ మాత్రల కోసం వెళితే, కిటికీ లోపలి ఫార్మసిస్టు అమ్మాయి కంప్యూటర్ వంక, వెనక అరల వంక మార్చి మార్చి చూసి, "తాతగారూ, సిస్టమ్‌లో స్టాక్ చూపిస్తోందండీ, ర్యాక్‌లో మాత్రం లేవు. గురువారం వచ్చి చూడండి" అంది. నా వెనక నిలబడ్డాయన ప్రభుత్వాన్ని మొదలుకొని ఆ అమ్మాయి దాకా అందరినీ కలిపి తిట్టాడు. నాకు కోపం రాలేదు. (కోప్పడే అర్హత నాకు లేదని నాకొక్కడికే తెలుసు.) ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తెరిచి, నా మొదటి ఉద్యోగం నాటి డైరీ పైకి తీశాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇవాళ్టి దాకా నేను డైరీ రాయని రోజు లేదు. బస్సు ఎన్నింటికి వచ్చిందీ, కాలవకి నీళ్ళు ఎప్పుడు వదిలిందీ, ఏ పూట ఏ కూర తిన్నదీ, అన్నీ ఉంటాయి. నాకు పనికొచ్చే విషయం ఎప్పుడైనా ఉంటుందా అంటే, అది వేరే సంగతి.

ఉయ్యూరు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో ఒక ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నాకు తొలి పోస్టింగు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆర్డరులో ఫార్మసిస్టునైనా ఊరికి మాత్రం కాంపౌండర్ని. నాకు చార్జి అప్పగించి రిటైరవుతున్న పెద్ద కాంపౌండరు గారు మూడు రోజులు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పారు. మందుల పేర్లు, మోతాదులు మొదటి పూటే అయిపోయాయి. మిగిలిన రెండున్నర రోజులూ ఆయన చెప్పింది స్టాకు రిజిస్టరు గురించి. "చూడు బాబూ, ఈ పుస్తకంలో ఏమన్నా రాయి, సున్నా మాత్రం రాయమాక" అన్నారు. "మందు అయిపోతే సున్నా రాయకపోతే ఎలాగండీ?" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు. "అయిపోనిస్తే గదా! సున్నా రాశావనుకో, మందు పంపమని ముందుగా ఇండెంటు ఎందుకు పెట్టలేదని మెమో ఇస్తారు. ముందుగా పెట్టావనుకో, నిల్వ ఉండగా ఎందుకు అడిగావని ఇంకో మెమో. అందుకని ప్రతి మందూ చివరి పది మాత్రలు తీసి పక్కన పెట్టేసెయ్. పది ఉన్నాయంటే మందు ఉన్నట్టే. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు ఒక్క మెమో లేదు, తెలుసా!" అన్నారు. ఆ చివరి మాట నా గుండెల్లో నాటుకుపోయింది.

పెద్దాయన ఆ పదేసి మాత్రలనీ పాత అట్టపెట్టెలో పడేసి బల్ల కింద పెట్టేవారు. పద్ధతి గల మనిషిని గనక నాకది నచ్చలేదు. మూలనున్న అద్దాల బీరువా ఖాళీ చేయించి, తెల్ల కాగితం పరిచి, ప్రతి మందుకీ చిన్న సీసా పెట్టి, ఎర్ర సిరాతో పేర్లు రాసి అంటించి, అక్షర క్రమంలో నాలుగు వరుసలు పేర్చాను. శనివారం శనివారం మెత్తటి గుడ్డతో తుడిచేవాణ్ణి. తాళం చెవి నా జంధ్యానికే కట్టుకునేవాణ్ణి. దగ్గు మాత్ర, జ్వరం మాత్ర, నులిపురుగుల మాత్ర, ఉబ్బసం మాత్ర, ఒక్కొక్కటీ పదేసి చొప్పున అద్దం వెనక కొలువుదీరి ఉండేవి. ఊళ్ళో వాళ్ళు మొదట ముచ్చటపడ్డారు. "కొండపల్లి బొమ్మలు పేర్చినట్టు భలే పేర్చావయ్యా" అన్నారు. ఆ మందులు ఎవరికీ ఇవ్వనని తెలిశాక ముచ్చట పోయి పేరు మిగిలింది. బొమ్మలకొలువు కాంపౌండరు. నేనది మెచ్చుకోలనుకుని ఇంటికి ఉత్తరంలో కూడా రాశాను.

కాలవ అవతల చేనేత పేట నుంచి ప్రతి సోమవారం అత్తాకోడళ్ళిద్దరు వచ్చేవారు. కోడలికి ఇరవై దాటి ఉండవు. మూర్ఛ జబ్బు. ఫినోబార్బిటోన్ అనే మాత్ర రాత్రికి ఒకటి చొప్పున వారానికి ఏడు ఇచ్చేవాణ్ణి. పేటలో అందరూ గాలి సోకిందంటే, తాయెత్తు కట్టించమంటే, అత్తగారు ఎవరి మాటా వినకుండా కోడల్ని ఆస్పత్రికి లాక్కొచ్చింది. మాత్రలు మొదలుపెట్టిన ఏడు నెలల్లో ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. ఆ పిల్ల మళ్ళీ మగ్గం ఎక్కింది. "మా ఆయనకంటే నున్నగా నేసుద్దయ్యా మా కోడలు. పడిపోకుండా ఉంటే చాలు నాకు" అని అత్తగారు నాతో అనేది. కోడలు మాత్రలు కొంగున కట్టుకుని, ముడి సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు తడిమి చూసుకునేది.

ఒక సోమవారం డబ్బాలో మాత్రలు సరిగ్గా పది మిగిలాయి. నేను వాటిని సీసాలోకి మార్చి, బీరువాలో పెట్టి, తాళం వేసి, "లేవమ్మా, స్టాకు రాలేదు" అన్నాను.

అత్తగారు నా భుజం మీదుగా చూసింది. "అయ్యేగా అద్దంలో కనబడతన్నాయి?"

"అవి ఇవ్వకూడదమ్మా. ఇన్‌స్పెక్షన్ కోసం."

"ఇన్‌స్పెక్షన్‌కి మూర్ఛెప్పుడొచ్చిందయ్యా?"

వరుసలో వాళ్ళందరూ గొల్లున నవ్వారు. నర్సమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు చెవులు ఎర్రబడ్డాయి. రూలంటే రూలని కొంచెం గట్టిగానే అన్నాను. డాక్టరు గారు నెల సెలవులో ఉన్నారు. పక్క ఊరి నుంచి వచ్చే ఇన్‌చార్జి డాక్టరు ఒక శుక్రవారం వస్తే ఇంకో శుక్రవారం రారు. ఆయన చీటీ రాసిస్తే ఉయ్యూరు మందుల షాపులో ఒక వారానికి సరిపడా దొరికాయి. ఆ తరవాత షాపులోనూ లేవు. రెండో సోమవారం అత్తగారు మళ్ళీ వచ్చింది. మూడో సోమవారమూ వచ్చింది. ఇన్‌స్పెక్షన్ ఫలానా రోజని కబురు రావడం, వాయిదా పడటం, అప్పటికే రెండుసార్లు జరిగింది. "ఒక్క గురువారం ఓపిక పట్టమ్మా, దొరగారు చూసి వెళ్ళిపోతే ఇచ్చేస్తాను" అని బతిమాలాను. "జబ్బుకి నీ గురువారాలు తెలవ్వయ్యా" అని వెళ్ళిపోయింది.

నేనేమీ చెయ్యలేదనుకోకండి. ఆ మంగళవారం తెల్లారే బస్సెక్కి విజయవాడలో మందుల గిడ్డంగికి వెళ్ళాను. (డైరీలో ఉంది: బస్సులో కిటికీ పక్క సీటు దొరికినది.) అక్కడి స్టోరుకీపరు గారు టీ తాగుతూ నా ఇండెంటు పై నుంచి కింద దాకా చదివి, "మూర్ఛ మాత్రలు ఈ క్వార్టరు రాలేదండీ. గజ్జి మందు పట్టుకెళ్ళండి" అన్నారు. "మా దగ్గర గజ్జి మందు బోలెడుందండీ" అన్నాను. "ఉంటే ఏవైంది? అంత దూరం నుంచి వచ్చి వట్టి చేతులతో ఏం పోతారు!" అని ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టినంత ప్రేమగా రెండు పెట్టెలు కట్టించి ఇచ్చారు. ఆ పెట్టెలు బస్సు టాపు మీద వేయించడానికి, దింపించడానికి నేను పడిన పాట్లు డైరీలో పేజీన్నర ఉన్నాయి. ఆస్పత్రి మెట్ల మీద నర్సమ్మ నన్ను చూసి, "తెచ్చావా?" అని ఆశగా అడిగి, పెట్టె మీద పేరు చదివి, "మన ఊళ్ళో ఇప్పుడు గజ్జి వచ్చినా బాగుండు, మందు చెల్లుద్ది" అని లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం దొరగారు, అంటే జిల్లా ఆరోగ్యాధికారి, నిజంగానే వచ్చారు. జీపు దిగి, బావి చూసి, రిజిస్టరు చూసి, చివరికి నా బీరువా ముందు నిలబడిపోయారు. కళ్ళజోడు సర్దుకుని నాలుగు వరుసలూ పేరు పేరునా చదివారు. "జిల్లా మొత్తం తిరిగానయ్యా, ఇంత పద్ధతిగా ఎక్కడా చూడలేదు. ఒక్క సున్నా లేదే!" అన్నారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. తాళం చెవి సవరించుకుంటూ వినయంగా తల వంచుకున్నాను. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గోలైంది. నులక మంచం మీద నలుగురు మోసుకొస్తున్నారు. చేనేత పేట కోడలు. నేస్తూ నేస్తూ ఉండగా మూర్ఛ వచ్చి, గుంట మగ్గంలోకి ఒరిగిపోయి, కుడి చెయ్యి ఒంటి కింద పడి మణికట్టు దగ్గర విరిగింది. స్పృహ ఉంది గానీ చూపు నిలవడం లేదు. అత్తగారు నన్ను తిట్టలేదు. నా వంక చూడను కూడా చూడలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని కోడలి నోటి నురగ కొంగుతో తుడుస్తోంది.

దొరగారు మంచి మనిషే. "ఏం చూస్తున్నావయ్యా, మాత్రలున్నాయిగా, ఇవ్వు!" అని గదమాయించారు. జంధ్యానికి కట్టిన ముడి ఎంత లాగినా ఊడి రాలేదు. చివరికి బీరువా తలుపు దగ్గరికి నేనే వంగి, జంధ్యంతో సహా తాళం తీశాను. (ఆ భంగిమ చూసి మంచం మోసిన వాళ్ళలో ఒకడు నవ్వాడు. అప్పుడు కూడా నవ్వొచ్చేలా ఉన్నానన్నమాట.) ఒక మాత్ర నర్సమ్మ అక్కడే మింగించింది. మిగతా తొమ్మిదీ పొట్లం కట్టి అత్తగారి చేతిలో పెట్టాను. దొరగారే ఆ పిల్ల చేతికి చెక్కలు పెట్టి కట్టు కట్టారు. విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. మంచం వెళ్ళిపోయింది. దొరగారు చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చుని, ఇన్‌స్పెక్షన్ పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. పరిశుభ్రత బాగున్నది. రిజిస్టర్లు బాగున్నవి. ఆ తరవాత బీరువా వంక మరోసారి తేరిపార చూసి, ఖాళీ సీసా కనిపించగానే రాశారు: "మూర్ఛ మాత్రలు, నిల్వ శూన్యము. బాధ్యుని సంజాయిషీ కోరవలెను."

"అయ్యా, ఇప్పుడే గదండీ తమరు ఇవ్వమన్నది!" అన్నాను.

"ఇవ్వమన్నాను. ఇవ్వడం వేరు, లేకపోవడం వేరు. లేకపోతే లేదనే రాయాలిగా" అన్నారు చాలా మామూలుగా. ఆయన మాటలో తప్పెక్కడుందో అప్పుడు తెలియలేదు. ఇప్పటికీ వెతుకుతున్నాను.

నా మెమో కబురు నర్సమ్మ ద్వారా పేటకి చేరింది. సోమవారం పొద్దున్నే ఆస్పత్రి తలుపులు తీసేసరికి అత్తగారు మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక్కతే వచ్చింది. "చెయ్యి ఎలా ఉందమ్మా?" అన్నాను. "పెద్దాసుపత్రికి ఏం పోతామయ్యా, కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసకపోయాం. వంకర పోయిద్దన్నాడు. ఇంక నేత ఎక్కడిది, ఎడం చేత్తో నూలు కండెలు చుట్టుకోవాల్సిందే" అంది. నా వెనకే లోపలికొచ్చి, "మాకు మాత్రలిచ్చినందుకు నీ ఉద్యోగానికి ఎసరొచ్చిందంటగా? పెళ్ళి కూడా కాలేదంట నీకు" అంటూ కొంగు ముడి విప్పింది. నేను కట్టిన పొట్లమే. బల్ల మీద పెట్టింది. "ఆ రోజు ఇక్కడ మింగిందాంతో కలిపి నాలుగు వాడాం. ఆరున్నాయి. అద్దంలో పెట్టేసుకో. అడిగితే చూపిచ్చు." అని, నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఇక్కడ నేను దాచకుండా ఒక మాట చెప్పాలి. నేను పొట్లం విప్పి మాత్రలు లెక్కపెట్టాను. ఆరున్నాయి. పదికి నాలుగు తక్కువ అని విసుక్కున్నాను కూడా. సీసా మూత తీసి ఆరూ అందులో వేశాక, గాజు మీద అవి పడిన చప్పుడుకి ఏమైందో ఏమో, సీసాతో సహా పట్టుకుని పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. కాలవ వంతెన మీద ఆమెని అందుకున్నాను. సీసా ఆమె చేతిలో కుక్కి చేతులు జోడించాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "చెప్పులన్నా ఏసుకోలేదేంటయ్యా, ముళ్ళుంటయ్యి" అంది. అంతే. ఆ పూట రిజిస్టరులో సున్నా రాశాను, గుండ్రంగా, చక్కగా.

మూర్ఛ మాత్రలు మరో నెలన్నరకి గాని రాలేదు. వచ్చేసరికి పేటలో వాళ్ళ ఇంటికి తాళం ఉంది. మంగళగిరి వైపైతే పెద్దాసుపత్రి దగ్గరవుతుందని, మగ్గం విప్పుకుని అందరూ అక్కడి కోడలి పుట్టింటి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారని నర్సమ్మ చెప్పింది. తరవాత ఏమైందో నాకు తెలియదు.

డైరీలో ఆ సోమవారం పేజీ నిండా రాసుకున్నాను. ఏదో ఘనకార్యం చేసినవాడి రాత అది. అక్షరాలు కూడా మామూలుకంటే లావుగా ఉన్నాయి. ఆ కుర్రవాడి మీద నాకు నవ్వూ వచ్చింది, కాస్త ముద్దూ వచ్చింది. రాత్రికి ఒకటి చొప్పున ఆరు మాత్రలు శనివారం దాకా వస్తాయి. ఏడో రాత్రికి ఆ పిల్ల ఏం వేసుకుంటుందని వాడు ఎక్కడన్నా రాశాడేమోనని పేజీలు తిప్పి చూశాను. ఆదివారం పేజీలో నాలుగే ముక్కలున్నాయి. సెలవు. తలంటి పోసుకున్నాను. వంకాయ కూర. ఉయ్యూరు వెళ్ళి కొత్త చెప్పులు కొన్నాను.