సందులో మెట్లు, స్టేషన్‌లో స్కూటరు

కంచరపాలెంలో మా ఇంటికి రోడ్డు లేదు, సందు ఉంది. ముందు ఒకాయన ఇల్లు, వెనక మాది, పక్కనుంచి ఇద్దరికీ కలిపి ఒక దారి. గోడలకు హ్యాండిలు తగలకుండా ఆ దారిలోంచి మోటారుసైకిలు లోపలికి తేవడమే నేను ఈ జన్మలో సాధించిన విద్య. ఒకరోజు స్టీల్‌ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ సందులో మెట్లు మొలిచి ఉన్నాయి.

ముందింటాయన పోర్టులో క్రేన్ నడుపుతాడు. నన్ను బావా అంటాడు. మాకు చుట్టరికం లేదు. మా వాళ్లు గోదావరి నుంచి వచ్చారు, ఆయనది శ్రీకాకుళం వైపు. ఈ ఊళ్లో బావ అనడానికి అవేవీ అడ్డు కావు.

"మేడ మీద అద్దెకిత్తన్నాను బావా. మెట్లు నేకుండా ఎగురుకుంటా ఎల్తారేటి?" అన్నాడు.

"మరి నా బండి ఎలా వెళ్తుందండీ?"

"రోడ్డు మీద ఎట్టీ. కాకులు కూడా సూసి సంతోసిత్తాయి."

నిజంగానే సంతోషించాయి. టీకొట్టు పక్కన చెట్టు కింద బండి పెట్టినప్పటి నుంచి రోజూ పొద్దున్నే తమ సంతోషాన్ని సీటు మీద తెల్లగా వెలిబుచ్చేవి. సీటు తుడిచినప్పుడల్లా నా మనసులో ఒక మంచి మనిషి కొంచెం కొంచెంగా చచ్చిపోయాడు. బతిమాలాను, పెద్దమనుషులతో చెప్పించాను. అన్ని మెట్లు కట్టినవాడు ఒక్క మెట్టూ దిగలేదు.

కోర్టుకెక్కాను. కోర్టంటే అక్కడా మెట్లే. ఎక్కినప్పుడల్లా వాయిదా ఇచ్చి దింపేవారు. ఒకసారి జడ్జిగారు సెలవు, ఇంకోసారి అవతలి వకీలుకు నడుం నొప్పి. అవతల మేడమీద అద్దెవాళ్లు దిగి, ముగ్గులేసి, మా ఆవిడతో స్నేహం కూడా కలిపేశారు. నా కేసు మాత్రం గడప దాటలేదు.

అలాంటి ఒక వాయిదా రోజున, మా వకీలుగారి గదిలో ఒకాయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఎప్పుడో అమ్మేసిన ఆటో ఎవరినో గుద్దిందట. కొన్నవాడు పేరు మార్చుకోలేదు కాబట్టి నష్టపరిహారం కేసు ఈయన మెడకు చుట్టుకుంది. ఆయన వెళ్లాక నేను మెల్లగా అడిగాను.

"నా పాత స్కూటరు కూడా ముందింటాయనకు అమ్మానండీ. సంతకాలు పెట్టి కాగితాలిచ్చేశాను. బావా బావా మధ్య ఆర్టీవో ఎందుకని ఆయన వాటిని బీరువాలో పెట్టేశాడు."

"అయితే రికార్డులో ఓనరు ఇంకా మీరే. రేపు ఆయన ఎవరినైనా గుద్దితే..." అంటూ వకీలుగారు చాలాసేపు హెచ్చరించారు. మొదటి వాక్యం తర్వాత నాకేమీ వినబడలేదు.

సందు పోయినవాడికి సందు దొరికింది.

అమ్మిన రోజు కనబడని రెండో తాళంచెవి తరవాతెప్పుడో మా ఆవిడ కుట్టు డబ్బాలో, బొత్తాల కింద తేలింది. అది తీసి జేబులో వేసుకుంటుంటే ఆవిడ అడిగింది.

"ఆ చూపేమిటండీ?"

"ఏం చూపు?"

"పాలగిన్నె మీద పిల్లి చూపు."

మర్నాడు మధ్యాహ్నం, నైట్ షిఫ్ట్ చేసొచ్చి ముందింటాయన గుర్రుపెడుతుండగా ఆయన గుమ్మం ముందున్న స్కూటరు నెట్టుకుంటూ వచ్చాను. మలుపు తిరిగాక కిక్ కొడితే మొదటిసారికే స్టార్టయింది. దానికి నేను గుర్తున్నాను. గాజువాకలో మా తోడల్లుడి షెడ్డులో దాచేయాలని నా పథకం. అక్కడిదాకా పోనిస్తేగా!

దారిలో జంక్షన్ దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.

"బండి ఎవరిది?"

"నాదే!" అన్నాను, ఛాతీ విరిచి. ఆ మాట అనడానికే బయల్దేరినట్టుంది.

అతను మిషన్లో నంబరు కొట్టాడు. "పేరు కరెక్టే. ఇన్సూరెన్సు లేదు. పొల్యూషన్ లేదు. హెల్మెట్ లేని ఫొటోలు మాత్రం బోలెడున్నాయి. సూడండి."

చూశాను. ప్రతి ఫొటోలోనూ ముందింటాయన, గాలికి జుట్టు ఎగురుతూ, ఇకిలిస్తూ. ప్రతి ఫొటో కిందా నా పేరు. జరిమానా మెసేజీలన్నీ నేను ఏనాడో వదిలేసిన ఫోను నంబరుకు వెళ్లాయట.

"ఇది నేను కాదండీ."

"బండి నాదే అని ఇప్పుడే అన్నారు గదేటి?"

స్కూటరు ట్రాఫిక్ స్టేషన్‌కు పోయింది, నేను సిటీ బస్సెక్కి ఇంటికొచ్చాను. బాధ మాత్రం కలగలేదు. ఇక గుమ్మం ముందు బండి లేనిది నాకొక్కడికే కాదు.

సాయంత్రం ఆయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"బావా, కొంప ములిగిపోనాది! నా బండి ఎవుడో దొంగెదవ ఎత్తుకుపోనాడు!"

"అలా తిట్టకండి," అన్నాను, మనసు నొచ్చుకుని.

"నీకేటి నొప్పి? స్టేషన్‌కి ఎల్తే ఓనరొచ్చి కంప్లయింటు ఇవ్వాలంటన్నారు. బండి నీ పేరునే ఉన్నాది కదా. వచ్చి ఓ సంతకం ఎట్టీ."

నా దొంగతనం మీద నేనే ఫిర్యాదు చేయాలి! అంత అదృష్టం ఎవరికి పడుతుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన మొహం ఎర్రబడి, తెల్లబడి, మళ్లీ ఎర్రబడింది.

"దొంగతనం కేసెడతాను!"

"పెట్టండి. బండి ఎవరిదని అడుగుతారు. నా పేరు చెప్పండి."

"నువ్వు అమ్మీసినావు కదేటి!"

"సందు నేను అమ్మలేదు కదా."

వకీలుగారు నా మీద మండిపడ్డారు. "రికార్డులో పేరు ఎవరిదైనా, అమ్మేశాక ఎత్తుకొస్తే దొంగతనమే. ఆయన కేసు పెడితే, సందు కేసు కంటే ముందు అదే తేలుతుంది." నా ధైర్యం ఆ కుర్చీలోనే జారిపోయింది. కానీ నేను వెళ్లనిదే ఆయన స్కూటరు స్టేషన్ దాటదు. అది ఆయనకూ తెలుసు. అందుకే రాజీకి వచ్చాడు. మెట్లు పడగొట్టాలి. ఇన్సూరెన్సూ జరిమానాలూ ఆయనే కట్టాలి. నేను బండి విడిపించి, తాళంచెవి ఇచ్చేసి, 'వీలైనంత త్వరలో' పేరు మార్చి ఇవ్వాలి. ఆ రెండు మాటలు రాయించింది ఆయన వకీలే.

మెట్లు పడగొట్టే రోజు కుర్చీ తెచ్చి సందు మొదట్లో వేసుకున్నాను. ఒక్కో సమ్మెట దెబ్బకూ నా ఆయుష్షు పెరిగింది.

"కుర్సీ ఏసుకున్నావేటి బావా? సినిమానా?"

"మొదటి ఆటండీ. రెండో ఆటకీ ఉంటాను."

అద్దెవాళ్ల కోసం ఆయన వంటగదిలోంచి ఇనుప నిచ్చెన వేయించుకున్నాడు. నేను హారన్ కొట్టుకుంటూ నా మోటారుసైకిలు లోపలికి తెచ్చాను. ఎదురుగా ఎవరూ లేరు. అయినా కొట్టాను.

విడిపించిన స్కూటరును ఆయన ఆ సాయంత్రమే సందుకు అడ్డంగా నిలబెట్టాడు. నేను ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, "బావగారూ, పేరు మార్పుకి ఎప్పుడు వెళ్దాం?" అన్నాను. లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చి, బండి పక్కకు నెట్టాడు.

అప్పటినుంచి వారానికోసారి అడుగుతున్నాడు, "రేపెల్దుమా బావా?" అని. నాకు తీరిక ఉండటం లేదు. ఒకసారి సెలవు దొరకదు, ఇంకోసారి నడుం నొప్పి. కోర్టు చుట్టూ అన్నాళ్లు తిరిగినందుకు ఆ మాత్రం చదువైనా వంటబట్టాలి కదా.

దీనివల్ల చిక్కొకటే. ఆయన ఎవరినైనా గుద్దితే కోర్టు పిలిచేది నన్నే. అందుకే స్కూటరు చప్పుడు వినగానే, అన్నం తింటున్నా సరే, ఎంగిలి చేత్తో సందులోకి పరిగెత్తి అరుస్తాను:

"హెల్మెట్టండీ! మెల్లగా వెళ్లండి!"

నా శత్రువు క్షేమం కోసం మొక్కుకున్నంతగా నేను మా ఇంట్లోవాళ్ల కోసం కూడా మొక్కుకోలేదు. ఆయన నావైపు చూసి పళ్లు నూరి, హెల్మెట్ తగిలించుకుని వెళ్తాడు. ఆ పళ్ల చప్పుడు విన్నాకే నాకు అన్నం రుచిస్తుంది.