కోయని గెలలు

మొన్న చీమకుర్తిలో మా ఆఫీసు ఎదుటి కల్యాణమంటపం ముందు అరటిచెట్లు దించుతున్నారు. గ్రానైట్ లారీలు లేపిన దుమ్ములో నిలబడి టీ తాగుతున్న నాకు అప్పుడే నరికిన బోదె వాసన తగిలింది. పచ్చిగా, కొంచెం వగరుగా ఉంటుందా వాసన. టీ చేతిలోనే చల్లారిపోయింది. నేను మాత్రం కృష్ణానది నడుమ, కార్తీకమాసపు మంచులో, ఇంజను ఆపేసిన పడవలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా కరుణమ్మ గారు చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, కాలికింద పడవను తాకుతున్న నీటి చప్పుడు వింటున్నారు.

ఆవిడ నా మొదటి ఉద్యోగంలో పై అధికారి. ఏటి రెండు పాయల మధ్య ఉన్న ఒక లంక ఊరికి జీవనోపాధి పథకం వస్తే, దానికి ఆవిడ కోఆర్డినేటరు, నేను అసిస్టెంటును. ఆ ఊరికి వంతెన లేదు. యేసోబు పడవ తిరిగితేనే బడికైనా, ఆసుపత్రికైనా. ఒండ్రుమట్టిలో అరటి, కంద, పసుపు ఏది పెట్టినా విరగపండేది. పండించడం వాళ్లకు నీళ్లు తాగినంత తేలిక, ఒడ్డు దాటించి అమ్ముకోవడమే గండం.

నేను లాప్‌టాప్, ఫారాలు, రంగు పెన్నులు మోసుకుని వెళ్లాను. కరుణమ్మ గారు గొడుగు ఒక్కటే తెచ్చుకునేవారు. మీటింగు రామాలయం దగ్గర పెడితే చర్చి పేటవాళ్లు రారు, చర్చి దగ్గర పెడితే అటువాళ్లు రారు. అందుకని ఆవిడ పొద్దున్నే పడవెక్కి, అటూ ఇటూ తిరుగుతూ, ఎక్కినవాళ్లతో కబుర్లు చెప్పేవారు. మాట ముదిరినప్పుడు "యేసోబూ, ఇంజనాపు నాయనా" అనేవారు. పడవ మంచులో ఎటూ కాకుండా తేలుతూ ఉండేది. రెండు ఒడ్లూ కనపడేవి కావు. "పడవలో ముందు వరస ఉండదమ్మాయ్. కోపమొచ్చి మధ్యలో లేచిపోడానికీ ఉండదు" అని నవ్వేవారు. ఈవిడ జీతం తీసుకుని షికార్లు చేస్తోందని నేను ఆరునెలలు గట్టిగా నమ్మాను.

ఒక పొద్దున అలాగే ఇంజను ఆపించి, సీతారావమ్మను అడిగారు. సీతారావమ్మ ఎకరం తోట కౌలుకు చేసుకునే మనిషి. భర్త పోయాడు. ఆ ఏడు అరటి మీద వచ్చేదాంతోనే కూతురి నర్సింగు చదువు ముందుకు సాగాలి.

"కోసిన గెల ఎవరిదే సీతారావమ్మా?"

"కోశాక ఇంకేముందమ్మా, బేరగాడిదే. ఒడ్డున దించినాక మళ్లీ ఇంటికి మోసుకుపోతామా? పూర్ణయ్య ఎంతంటే అంత."

"కొయ్యకముందు?"

"మాదే" అంది సీతారావమ్మ, ఆ సంగతి తనకే కొత్తగా తెలిసినట్టు.

ఆ ఒక్క మాట మీద నాలుగు పొద్దులు మాట్లాడుకున్నారు. చివరికి ఊరంతా ఒక నిర్ణయానికి వచ్చింది. ఈసారి ఎవరూ గెల కోసి ఒడ్డుకు తేకూడదు. వ్యాపారి పూర్ణయ్యే ఏరు దాటి తోటకొచ్చి ధర చెప్పాలి. కుదిరాకే కత్తి పెట్టాలి. ముదిరిన గెల చెట్టున వారం పది రోజులు ఆగుతుంది, ఆ గడువే వాళ్ల బలం.

మొదటి రోజు పూర్ణయ్య లారీ అవతలి ఒడ్డున ఖాళీగా నిలబడి వెళ్లిపోయింది. రెండోరోజూ అంతే. మూడోరోజు తుఫాను కబురొచ్చింది.

నాది అద్దంకి దగ్గర మిరపచేల ఊరు. కళ్లంలో కాయ ఆరబోసి ఉండగా మబ్బు పట్టిందంటే మా ఇంట్లో మాటలుండేవి కావు, పరుగులే. వానకు ముందు ఏ ధరకైనా అమ్ముకున్నవాడే తెలివైనవాడు మా వైపు. ఒక ఏడు నాన్న ఒక్కరోజు ఆగాడు. తడిసి తెల్లబడిన కాయల ముందు ఆయన గొంతుక్కూర్చోవడం నేను చూశాను. లంకలో నిండు గెలలతో వంగిన చెట్లను చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పకుండా రేవు దగ్గరకు పోయి పూర్ణయ్యకు ఫోను చేశాను. "గాలొస్తే చెట్లన్నీ పడిపోతాయండీ, దయచేసి రేపే రండి" అని బతిమాలాను.

ఆయన వచ్చాడు. మర్నాడు పొద్దున్నే పంచె మోకాళ్ల పైకి కట్టి, బురదలో జాగ్రత్తగా అడుగులు వేస్తూ తోటలన్నీ చూశాడు. నాకు గెలిచినట్టే అనిపించింది. తీరా ఆయన చెప్పింది ఒడ్డున ఇచ్చే ధరకన్నా తక్కువ.

"అదేందయ్యా, ఇంకా దిగజార్చావు?" అంది సీతారావమ్మ.

"గాలొస్తందంటగా మీ లంకకి? కంగారు మీది తల్లీ, నాది కాదు" అన్నాడు పూర్ణయ్య. నా పేరు చెప్పలేదు, నా వైపు చూడనూ లేదు. అంత మర్యాద చేశాడు.

ఊళ్లో పెద్ద రైతు కోటయ్య ముందు మెత్తబడ్డాడు. ఆయన్ను చూసి సగం మంది కోసేశారు. సీతారావమ్మ కత్తి చూరులో దోపి, "ఈ ధరకి నే కొయ్యను. పడితే పడనీ" అని వెదురు గెడలు తెచ్చి చెట్లకు ఊతం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం తిరుగు పడవలో కరుణమ్మ గారికి చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను.

"నాకెందుకు చెబుతున్నావమ్మాయ్? నాకేమన్నా తోటుందా?"

"మరి..."

"రేపు పొద్దున వాళ్లకు చెప్పు. నేను పక్కన కూచుంటాను. మాట మాత్రం నువ్వే చెప్పాలి."

మర్నాడు ఏటి నడుమ ఇంజను ఆగింది. ఆకాశం బూడిదరంగులో ఉంది. చెప్పాను. కోటయ్య మొహం తిప్పుకున్నాడు, ఆ తర్వాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. సీతారావమ్మ మాత్రం నా కళ్లలోకి చూసింది.

"మా మీద జాలిపడ్డావా? ఏటి మధ్యన పుట్టినోళ్లం, మాకు గాలి కొత్తా? ఒక్క మాట అడిగితే చెప్పేవోళ్లం కదమ్మా."

కరుణమ్మ గారు నన్ను వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. "జాలి మంచిదే. అడక్కుండా పడితే మాత్రం ఎదుటోళ్ల నోటికాడ కూడు తీస్తది" అని, యేసోబుకు ఇంజను వెయ్యమని చెప్పారు. రేవు చేరేదాకా ఆవిడ చెయ్యి నా వీపు మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం గాలి వచ్చింది. సీతారావమ్మ తోటలో కొన్ని చెట్లు పడ్డాయి, ఎక్కువ భాగం నిలిచాయి. అవతలి ఒడ్డున మెరక తోటలు బాగా దెబ్బతిని సరుకు దొరకక, గాలి వెలిసిన నాలుగోరోజు పూర్ణయ్య తనంతట తానే ఏరు దాటి వచ్చాడు. ఆమె అడిగిన ధర ఇచ్చాడు. కూతురు చదువు ఆగలేదు. కోసేసిన సగం మందికి మాత్రం ఆ ఏడు పోయినట్టే, దాన్ని నేను ఏ పథకంతోనూ పూడ్చలేకపోయాను. తర్వాతి కాపు నుంచి లంకలో ఎవరూ ధర కుదరకుండా కత్తి పట్టలేదు.

కరుణమ్మ గారు పోయి రెండేళ్లయింది. ఆవిడంటే నాకెంత ఇష్టమో ఆవిడకు ఒక్కసారీ చెప్పలేదు, ఆ బాధ ఉంది. ఇప్పుడు నేనే కోఆర్డినేటరును. క్వారీ కూలీల ఇళ్ల ఆడవాళ్లతో పని. వాళ్లకేదైనా చిక్కొస్తే, అంతా మునిగిపోతున్నట్టు నాకు ఇప్పటికీ కంగారు పుడుతుంది, చెయ్యి ఫోను మీదకు పోతుంది. అప్పుడు లేచి ఆ ఇళ్లకు నడిచి వెళ్లి, గుమ్మంలో కూర్చుని, ఏం చేద్దామని అడుగుతాను. చాలాసార్లు వాళ్లకు నా అంత భయం ఉండదు.